ఇంటిలో క్రొత్త సాలెపురుగు కనబడినచో – దానిని గుర్తించు విధము

సాయంకాలము దీపము వేయు వేళ మీ యింటి గోడపై అరచేతి వెడల్పున ఒక గోధుమరంగు సాలెపురుగు కదలక నిలిచి యున్నదనుకొందము. దాని చుట్టూ గూడు లేదు. మీరు దగ్గరకు పోగానే అది రెప్పపాటులో పటము వెనుకకు దూరిపోవును. పిల్లలు కేకలు వేయుదురు. ఒకరు చీపురు తెత్తురు. మరియొకరు పొలమునకని కొని యుంచిన పురుగుమందు సీసా తెత్తురు. సాలెపురుగు, చీపురు, సీసా – ఈ మూడింటిలో మీ కుటుంబమునకు నిజముగా అపాయకరమైనది సీసా మాత్రమే. పైరుకు ఉద్దేశించిన మందును ఇంటిలో చల్లినచో అది బియ్యపు డబ్బాలపై, మంచినీటి బిందెలపై, పసిపిల్లల పక్కబట్టలపై పడును.

తెలియని ప్రాణిని చూచి భయపడుట సహజము. భయము తీరుటకు మార్గము దానిని గుర్తించుట. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. వరిలో ఊదను, వరిమొక్కను వేరుగా చూడగలిగిన కంటికి సాలెపురుగులను వేరుచేయుట కష్టము కాదు. ఏమి చూడవలెనో తెలిసిన చాలును. కాకినాడ పరిసరములలోను, గోదావరి డెల్టాలోని గ్రామములలోను ఇండ్లలో కనబడు సాలెపురుగులను గుర్తించు విధమును, ఎప్పుడు నిర్భయముగా ఉండవచ్చునో, ఎప్పుడు ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెనో ఈ వ్యాసమున తెలియజేయుచున్నాము.

సాలెపురుగు అవునా, కాదా?

మొదట కాళ్ళు లెక్కింపవలెను. సాలెపురుగునకు ఎనిమిది కాళ్ళుండును. శరీరము రెండు భాగములు: తల, రొమ్ము కలిసిన ముందు భాగము ఒకటి; సంచివంటి కడుపు రెండవది. రెక్కలు గాని, మీసములు గాని ఉండవు. ఆరు కాళ్ళు, మూడు భాగముల శరీరము, మీసములు ఉన్నచో అది కీటకము. ఆ లెక్కన సాలెపురుగు కీటకము కాదు. తేలునకు, గోమారికి, పిడుదునకు అది దగ్గరి చుట్టము.

ముందు భాగములో నోటికి ఇరుప్రక్కల పొట్టి కాళ్ళవంటి రెండు అవయవములుండును. వీనిని కూడ కలిపి కొందరు పది కాళ్ళని లెక్కింతురు. ఇవి కాళ్ళు కావు. తడిమి చూచుటకు, ఆహారమును పట్టుకొనుటకు ఉపయోగపడునవి. ఈ అవయవముల చివరలు గుండ్రముగా ఉబ్బియున్నచో అది ఎదిగిన మగ సాలెపురుగని తెలిసికొనవచ్చును.

చూడవలసిన అయిదు సంగతులు

రంగును చూచి సాలెపురుగును గుర్తింప జూచుట పొరపాటు. ఒకే జాతిలో ఆడదానికి, మగదానికి, పిల్లకు వేరువేరు రంగులుండవచ్చును. కావున ఈ క్రింది అయిదు సంగతులను వరుసగా గమనింపవలెను.

1. గూడు: గూడు ఉన్నదా, లేదా? ఉన్నచో బండిచక్రము వలె ఆకులు తీర్చినట్లున్నదా, లేక మూలలో చిక్కుపడిన దారపు ఉండవలె ఉన్నదా?

2. పరిమాణము: శరీరము పొడవును, కాళ్ళ విస్తీర్ణమును వేరువేరుగా చూడవలెను. అగ్గిపెట్టె పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. దానితో పోల్చి చెప్పినచో అందరికి అర్థమగును. భయపడిన కంటికి సాలెపురుగు ఉన్నదానికంటె పెద్దదిగా తోచును.

3. కాళ్ళు పెట్టుకొను తీరు: పీతవలె ప్రక్కలకు పరచుచున్నదా? రెండేసి కాళ్ళు జతచేసి నాలుగు పుల్లలవలె ఉంచుచున్నదా? దారపు పోగులవంటి సన్నని పొడుగు కాళ్ళా?

4. కన్నులు: సాలెపురుగులలో పెక్కింటికి ఎనిమిది కన్నులు. భూతద్దముతో చూచినచో వాని అమరిక జాతికొక తీరుగా ఉండును. ముందువైపు రెండు కన్నులు దీపములవలె పెద్దవిగా ఉన్నవా, అన్నియు చిన్నవిగా రెండు వరుసలలో ఉన్నవా అని చూడవలెను.

5. గ్రుడ్ల సంచి: ఆడ సాలెపురుగు గ్రుడ్లను పట్టుసంచిలో ఉంచును. ఆ సంచిని రొమ్ము క్రింద పట్టుకొన్నదా, నోట పట్టుకొన్నదా, కడుపు చివర తగిలించుకొని తిరుగుచున్నదా, గూటిలో వ్రేలాడదీసినదా అనునది మంచి గుర్తు.

మన ఇండ్లలో సామాన్యముగా కనబడునవి

వేట సాలెపురుగు: మొదట చెప్పిన అరచేతి వెడల్పు సాలెపురుగు ఇదియే. దీని శాస్త్రీయ నామము హెటెరోపోడా వెనటోరియా. 1767లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి ఆ రెండవ పేరు పెట్టెను. ఆ మాటకు లాటిను భాషలో వేటకు సంబంధించినదని అర్థము. శరీరము రెండు, రెండున్నర సెంటీమీటర్లకు మించదు గాని కాళ్ళు చాచినచో 7 నుండి 12 సెంటీమీటర్లు వ్యాపించును. శరీరము బల్లపరుపుగా ఉండుటచే పటముల వెనుక, తలుపు సందులలో, పెంకుల క్రింద సులభముగా దూరును. కన్నుల క్రింద ముఖమునకు అడ్డముగా తెల్లని లేక లేత పసుపు పట్టీ ఉండును. ఆడది తెల్లని బిళ్ళవంటి గ్రుడ్ల సంచిని రొమ్ము క్రింద పట్టుకొని తిరుగును. ఇది గూడు కట్టదు. రాత్రివేళ తిరిగి బొద్దింకలను వేటాడి తినును. మీ వంటయింటిలో ఇది ఉన్నదనగా బొద్దింకలు కూడ ఉన్నవని అర్థము. చేతితో నొక్కిపట్టిననే తప్ప కరవదు. కరచినను నొప్పి, కొద్దిపాటి వాపు మాత్రమే కలుగును.

బూజు సాలెపురుగు: మూలలలోను, అటకలపైనను, మంచముల క్రిందను చిక్కుబడిన బూజు కట్టునది ఇదియే. క్రాసోప్రైజా అను జాతికి చెందినది. కాళ్ళు వెండ్రుకలవలె సన్ననివి, మిక్కిలి పొడవైనవి. కడుపు వెనుకభాగము కొంచెము కోణముగా ఎత్తుగా ఉండును. గూటిని తాకినచో శరీరమును గిరగిర ఊపును. ఆడది గ్రుడ్లను నోట పట్టుకొని వ్రేలాడును. దీని గూటిలో చిక్కు వానిలో దోమలు కూడ ఉండును. మనుష్యులకు హాని లేదు.

గెంతు సాలెపురుగు: కిటికీ చట్రములపై, ఎండ పడు గోడలపై పగటివేళ తిరుగును. పొడవు ఒక సెంటీమీటరు, అంతకు కొంచెము ఎక్కువ. ముందువైపు రెండు పెద్ద కన్నులుండును. మీరు చేయి కదపినచో తిరిగి మీవైపు చూచును. ఈగను చూచి పొంచియుండి ఒక్క గెంతున పట్టును. ఇండ్లలో ఎక్కువగా కనబడు ప్లెక్సిపస్ జాతిలో మగదానికి నలుపుపై తెల్లని చారలుండును. ఆడది బూడిద, గోధుమ రంగులు కలిసి యుండును. ఈ రెండింటిని వేరు జాతులని పొరబడుట కద్దు.

తోక సాలెపురుగు: మామిడి మొద్దులపైనను, ఇంటి పాత గోడలపైనను బెరడు రంగులో అంటుకొని యుండును. కడుపు చివర రెండు పొడుగాటి తోకలవంటివి కనబడును. అవి దారము తీయు అవయవములు, కొండ్లు కావు. హెర్సిలియా అను ఈ జాతి తన ఆహారమైన చీమ, పురుగుల చుట్టు వేగముగా తిరుగుచు దారముతో చుట్టివేయును.

సంతకపు సాలెపురుగు: పెరటిలో మొక్కల నడుమ బండిచక్రమువంటి గూడు కట్టి, దాని నడుమ గుణకారపు గుర్తువలె తెల్లని వంకరటింకర పట్టీలు అల్లును. తాను ఆ గుర్తుపై తలక్రిందుగా నాలుగు జతల కాళ్ళు చాచి కూర్చుండును. కడుపుపై పసుపు, గోధుమ రంగుల పట్టీలు మెరయును. చూచుటకు భయము గొల్పునేగాని హాని చేయదు.

దొరికిన చోటు పుట్టిన చోటు కానక్కరలేదు

సాలెపురుగును గుర్తించునపుడు అది ఎక్కడ దొరకినదో వ్రాసికొనవలెను. అంతటితో సరిపోదు, ఆ రోజులలో ఇంటికి ఏ సరుకు వచ్చినదో కూడ వ్రాసికొనవలెను. వేట సాలెపురుగు నేడు ప్రపంచమందలి ఉష్ణదేశములన్నిటను ఉన్నది. దాని పుట్టిల్లు ఆసియా ఖండమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఓడలలో సరుకులతో, ముఖ్యముగా అరటి గెలలతో, అది ఖండములు దాటినది. చలి దేశములలో వెచ్చగా ఉంచిన కట్టడములలో మాత్రమే బ్రతుకును. కాకినాడ వంటి రేవు పట్టణమునకును, రావులపాలెము అరటి మార్కెట్టు నుండి గెలలు పోవు ఊళ్ళకును ఈ సంగతి తెలిసియుండుట మేలు. గెలలో, కొబ్బరి డొక్కల కుప్పలో, ధాన్యపు గోనెల సందులో దాగిన సాలెపురుగు మన వెంటనే ఇల్లు చేరును.

ఈ విషయమునకు మన రాష్ట్రమునందే ప్రపంచ ప్రసిద్ధి పొందిన నిదర్శనమున్నది. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నీలిరంగుతో మెరయు ఒక పెద్ద బొచ్చు సాలెపురుగును వర్ణించి పొసిలోథేరియా మెటాలికా అని పేరు పెట్టెను. ఆయనకు అందిన నమూనా ఒక్కటే. అది అనంతపురము జిల్లా గుత్తిలో రైల్వే కలప నిలువ చేయు చోట దొరకినది. అందుచే దానికి గుత్తి సాలెపురుగని పేరు వచ్చెను. కాని గుత్తిలో మరల అది కనబడలేదు. నూరేండ్ల పైబడి గడచిన తరువాత, 2001లో, నంద్యాల – గిద్దలూరు నడుమ గల అడవిలో దానిని తిరిగి కనుగొనిరి. అది చెట్ల తొఱ్ఱలలో నివసించునది. అడవిలో కొట్టిన కలపతో రైలెక్కి గుత్తి చేరి యుండవలెను. కలప ఏ అడవినుండి వచ్చినదో ఆనాడు ఎవరైన వ్రాసి యుంచినచో శతాబ్దము పాటు వెదకవలసిన అవసరము తప్పెడిది.

ఆ జాతి నేడు అంతరించిపోవు స్థితిలో నున్నది. అడవి నరకుటయు, పెంపుడు ప్రాణులుగా విదేశములలో అమ్ముటకు పట్టుకొనుటయు ఇందుకు కారణములు. 2019లో ఈ వర్గమునకు చెందిన సాలెపురుగులన్నిటిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికలో చేర్చిరి. ఎవరైన వచ్చి బొచ్చు సాలెపురుగులను పట్టి యిచ్చిన డబ్బిత్తుమని ఆశ చూపినచో అటవీశాఖ వారికి తెలియజేయవలెను.

జాగ్రత్త పడవలసిన జాతులు

2022 ఏప్రిల్ నాటికి ప్రపంచమున శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన సాలెపురుగు జాతులు 50,000 దాటినవి. మన దేశములో సుమారు 1,900 జాతులు నమోదైనవి. దాదాపు అన్నిటికి విషము కలదు. ఆ విషము ఈగను, దోమను చంపుటకు. మనుష్యుని చర్మమును గ్రుచ్చగల కోరలు, మనుష్యునకు హాని చేయగల విషము గలవి మిక్కిలి కొద్ది.

అందులో మొదటిది లాట్రోడెక్టస్ వర్గము. ఈ వర్గపు సాలెపురుగులు భారతదేశమున కొన్ని చోట్ల నమోదైనవి. కడుపు శనగగింజవలె గుండ్రముగా నిగనిగలాడుచుండును. కడుపు అడుగు భాగమున ఎఱ్ఱని లేక నారింజరంగు డమరుకము వంటి గుర్తుండును. నేలకు దగ్గరగా, రాళ్ళ సందులలో, వాడని పాత్రల క్రింద గట్టి దారములతో చిక్కు గూడు కట్టును. ఈ గుర్తులు గల సాలెపురుగును చేతితో తాకరాదు.

రెండవది చెట్ల తొఱ్ఱలలో నుండు పెద్ద బొచ్చు సాలెపురుగులు. తూర్పు కనుమల అడవులలో ఇవి కలవు. కాళ్ళు లావుగా, శరీరమంతయు బొచ్చుతో నిండి యుండును. కరచినచో తీవ్రమైన నొప్పి, కొన్ని రోజుల వరకు కండరములు కొంకర్లు పోవుట కలుగవచ్చును. ఏజెన్సీ ప్రాంతము నుండి కట్టెలు, కలప తెచ్చుకొనువారు దింపునపుడు చూచుకొనవలెను.

అది నిజముగా సాలెపురుగు కాటేనా?

ఈ వ్యాసమున మిక్కిలి ముఖ్యమైన భాగమిది. ఉదయము లేచి చూచునప్పటికి చర్మముపై దద్దురో, పుండో కనబడినచో సాలెపురుగు పాకినదనియో, కరచినదనియో అనుట మనకు వాడుక. సాలెపురుగును కండ్లార చూడకుండ ఆ మాట అనరాదు. ఆ నింద చాటున వేరు అపాయములు దాగియుండును.

ఒకటి: వానకాలమున వరిపొలములనుండి దీపముల వెలుగునకు వచ్చు ఒక సన్నని పురుగు కలదు. దాని పేరు పీడెరస్. నారింజ, నలుపు పట్టీలు, నడుమ పొట్టి నీలపు రెక్కల కప్పు ఉండును. అది కుట్టదు, కరవదు. ఒంటిపై వ్రాలినపుడు అరచేతితో నలిపినచో దాని రసము తగిలి మంటతో గీతవలె బొబ్బలెక్కును. దానిని ఊది పంపివేయవలెను. నలిపినచో వెంటనే సబ్బుతో కడుగవలెను. పొలములో అదియు దోమను తినునదే.

రెండు: జ్వరము, తలనొప్పితో పాటు చంకలోనో, గజ్జలోనో, నడుమువద్దనో సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చుకట్టిన మచ్చ కనబడినచో అది స్క్రబ్ టైఫస్ అను జ్వరము కావచ్చును. కంటికి ఆననంతటి చిన్న నల్లి జాతి పిల్లపురుగులు పొదలలో, గడ్డిలో కుట్టుటవలన ఇది వచ్చును. నొప్పి లేకుండుటచే ఆ మచ్చను సాలెపురుగు గాయమని ఊరకుందురు. డాక్టరు గుర్తించి డాక్సీసైక్లిన్ వంటి మందు వేళకు ఇచ్చినచో నయమగును. ఆలస్యమైనచో ప్రాణాపాయము. జ్వరముతో పోయినపుడు ఆ మచ్చను డాక్టరునకు చూపవలెను.

మూడు: రాత్రి నేలపై పండుకొన్నవారిని కట్లపాము కరచుట. దాని కోరలు చిన్నవి. గాటు కనబడకపోవచ్చును. నొప్పి గాని, వాపు గాని లేకపోవచ్చును. మన పల్లెలలో రాత్రిపూట పాము పేరెత్తక పురుగందురు. అందుచే పురుగు ముట్టినదను మాటకు ఇంటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థము చెప్పుకొని, సాలెపురుగు కాబోలునని తెల్లవారువరకు వేచియుండుట జరుగును. కడుపులో నొప్పి, కనురెప్పలు వాలిపోవుట, మాట ముద్దయగుట, మ్రింగుట కష్టమగుట, ఊపిరి బరువగుట – వీనిలో ఏ ఒక్కటి కనబడినను అది సాలెపురుగు పని కాదనుకొని వెంటనే 108కు ఫోను చేసి పాము విషమునకు విరుగుడున్న ప్రభుత్వాసుపత్రికి చేర్చవలెను. రాత్రి మంచముపై, దోమతెర అంచులు పక్కక్రిందికి మడచి పండుకొనుట మంచి రక్షణ.

కరచినచో చేయవలసినది

సాలెపురుగు కరచుట కన్నులార చూచినచో గాయమును సబ్బుతో, నీటితో బాగుగ కడుగవలెను. చన్నీట తడిపిన గుడ్డ వేయవలెను. చాలవరకు గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో తగ్గిపోవును. నొప్పి గాయము దాటి ప్రాకుచున్నను, కండరములు బిగుసుకొన్నను, చెమటలు, వాంతులు, ముఖము వాపు, ఆయాసము కలిగినను, కరచినది పసిబిడ్డనైనను ఆసుపత్రికి పోవలెను. సాలెపురుగును ఫోనుతో ఫోటో తీసి చూపినచో డాక్టరునకు సాయము.

చేయకూడనివి నాలుగు: గాయమును బ్లేడుతో కోయరాదు, పైన త్రాటితో బిగించరాదు, నోటితో పీల్చరాదు, ఆకుపసరులు, సున్నము, సాలెగూడు గాయముపై అంటించరాదు. రక్తము ఆగుటకని మూలనున్న బూజును గాయమునకు అంటించు అలవాటు కొన్ని చోట్ల కలదు. దుమ్ము, క్రిములు గల బూజు వలన గాయము చెడును.

2012 మే నెలలో అస్సాము రాష్ట్రమునందలి సదియా ప్రాంతమున సాలెపురుగులు కరచి ఇద్దరు మరణించిరని పత్రికలు వ్రాసినవి. ఊరూర భయము వ్యాపించెను. నిపుణులు వెళ్ళి పరిశీలించిరి గాని ఆ మరణములకు సాలెపురుగు విషమే కారణమని నిర్ధారణ కాలేదు. ఆ రోగులను మొదట నాటువైద్యుల యొద్దకు తీసికొనిపోగా వారు గాయములను బ్లేడుతో కోసిరని ఆనాటి వార్తలు తెల్పుచున్నవి. భయము చేసిన చికిత్సలో ఎంత అపాయమున్నదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఇంటినుండి పంపివేయు విధము

సాలెపురుగుపై వెడల్పు మూతిగల గాజుగ్లాసునో, సీసానో మెల్లగా బోర్లించవలెను. గోడకును గ్లాసునకును నడుమ గట్టి అట్టముక్కను జొనుపవలెను. అట్టతో సహా తీసికొనిపోయి పెరటిలో వదలవలెను. బూజును వారమునకు ఒకసారి బూజుకర్రతో దులుపవలెను. కట్టెలు, కొబ్బరి డొక్కలు, పాత గోనెలు ఇంటి గోడకు ఆనించి పేర్చరాదు. వంటయింటిలో ఎంగిలి నిలువయుంచనిచో బొద్దింకలు తగ్గును; బొద్దింకలు తగ్గినచో వేటకాడును తగ్గును. చెప్పులు, గోనెసంచులు దులిపి వాడుకొనవలెను.

పొలములోని అన్నదమ్ములు

ఇంటిలో సాలెపురుగును గుర్తింప నేర్చిన కన్ను పొలములో ధనము కాపాడును. వరి దుబ్బుల మొదళ్ళవద్ద నీటిపై పరుగెత్తు, వీపుపై చీలిన కర్రవంటి గుర్తుగల తోడేలు సాలెపురుగు (పార్డోసా) దినమునకు 5 నుండి 15 పురుగులను తినును. దోమయే దాని ముఖ్యాహారము. ఆడది గ్రుడ్ల సంచిని కడుపు చివర తగిలించుకొని, పిల్లలు వచ్చిన తరువాత వానిని వీపుపై మోయును. కాళ్ళపై ముళ్ళవంటి వెండ్రుకలుండి ఆకులపై పొంచియుండు ఆక్సియోపిస్ దినమునకు రెండు మూడు రెక్కల పురుగులను పట్టును. ఒక్కొక్క ఆడ రెక్కల పురుగు పెట్టబోవు గ్రుడ్లను లెక్కవేసినచో ఆ మేలు ఎంతయో తెలియును. పొడవైన శరీరముతో ఆకువెంబడి పుల్లవలె పండుకొను టెట్రాగ్నతా వరుసల నడుమ గూడు కట్టి ఎగురు పురుగులను పట్టును.

సుడిదోమ తన గ్రుడ్లను వరి ఆకుతొడిమ లోపల పెట్టును. పైన కొట్టిన మందు వానికి తగులదు. సాలెపురుగులు మాత్రము ఆ మందుతో చచ్చును. పదిరోజులలో గ్రుడ్లు పగిలి దోమ పుట్టునప్పటికి దానిని తినువారు ఉండరు. అందుచే కొన్ని మందులు కొట్టినకొలది దోమపోటు హెచ్చును. ఇండోనేషియా దేశమున ఈ నష్టము భరింపరానిదై 1986లో ప్రభుత్వము 57 పురుగుమందులను వరిపై వాడకూడదని ఆజ్ఞ చేసెను. మన డెల్టాలో 1925లో స్థాపింపబడిన మారుటేరు వరి పరిశోధనా స్థానము విజేత వంటి దోమను తట్టుకొను రకములను అందించినది. అట్టి రకములను నాటుట, ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయుట, అవసరమైనపుడు నీరు తీసి చేను ఆరగట్టుట, మందు కొట్టుటకు ముందు దుబ్బులు తట్టి దోమలను, సాలెపురుగులను రెంటిని లెక్కించుట – ఇవి పాటించినచో ఖర్చు తగ్గును.

గ్రామోద్యోగులు చేయదగినది

ఊరిలో విషపు సాలెపురుగు వచ్చినదని వదంతి పుట్టినపుడు గ్రామోద్యోగులు, గ్రామ వ్యవసాయ సహాయకులు ముందుగా ఆ సాలెపురుగును చూడవలెను. చూడనిచో ఆ వదంతిని మోయరాదు. ఫోటోలు మూడు తీయవలెను: పైనుండి ఒకటి, ముఖమువైపు ఒకటి, గ్లాసులో ఉంచి అడుగునుండి ఒకటి. తేదీ, ఊరు, దొరికిన స్థలము, గూడు తీరు, ఆ వారములో వచ్చిన సరుకు వ్రాయవలెను. చచ్చినది దొరకినచో స్పిరిటు పోసిన సీసాలో ఉంచి, ఆ వివరముల చీటీని పెన్సిలుతో వ్రాసి అందులోనే వేయవలెను, సిరా కరగిపోవును. సమీప కళాశాలలోని జంతుశాస్త్ర శాఖకు గాని, 1916లో స్థాపింపబడిన భారత జంతు సర్వేక్షణ సంస్థవారి హైదరాబాదు కేంద్రమునకు గాని పంపవచ్చును. ఆ సంస్థ 1987లో ప్రకటించిన టికాదార్ గారి గ్రంథము భారతీయ సాలెపురుగులను గుర్తించువారికి చిరకాలముగా ఆధారమై యున్నది.

పాఠశాలలో ఉపాధ్యాయులు పిల్లలచేత ఒక వారము పాటు ఇంటి సాలెపురుగులను పై అయిదు సంగతుల ప్రకారము వ్రాయించినచో ఊరిలో ఎన్ని రకములున్నవో తెలియును. కాళ్ళు లెక్కించిన పిల్లవాడు కేకలు వేయడు. పేరు తెలిసిన ప్రాణికి పురుగుమందు సీసా తీయువారును ఉండరు.